కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులతో ఉద్యోగం నిలబెట్టుకోవడం ఎలా?

"ఇంట్లో ఉద్యోగం మానేయమంటున్నారు, మానేయాలా?" కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఆడవాళ్లు అడిగే ప్రశ్న అటూ ఇటుగా ఇదొక్కటే. అడిగేవాళ్లలో టీచర్లున్నారు, సచివాలయంలో చేసేవాళ్లున్నారు, హిందూపురం వైపు గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ మీద కూర్చునేవాళ్లున్నారు, ఇంట్లోనే బ్లౌజులు కుట్టేవాళ్లున్నారు.

అందరికీ నేను చెప్పేది ఒకటే: ఇప్పుడే వద్దు. కింద చెప్పిన పనులన్నీ చేసి, మూడు నెలలు చూసి, అప్పటికీ కుదరకపోతే అప్పుడు ఆలోచిద్దాం. మూడు నెలలు ఎందుకంటే, కీళ్లవాతానికి ఇచ్చే ముఖ్యమైన మందులు పూర్తిగా పని చేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మందు అందుకోకముందే ఉద్యోగం వదిలేసి, తర్వాత చేతులు బాగుపడ్డాక "అయ్యో, తొందరపడ్డానే" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. రోగాలతో పోరాడాల్సిన మన రక్షణ వ్యవస్థ దారి తప్పి మన ఒంటి మీదే పడితే అది ఆటో ఇమ్యూన్ జబ్బు. కీళ్ల మీద పడితే రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఇక్కడ కీళ్లవాతం అంటున్నది దాన్నే. చర్మం, కీళ్లు, కిడ్నీలు ఇలా ఎక్కడైనా పడగలిగితే లూపస్. థైరాయిడ్ మీద పడితే హషిమోటో. లూపస్ వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ఒకేసారి మీద పడే వయసులో.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

- చేతిలో పట్టే చిన్న నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ వేళ్లు పట్టేసిన పొద్దున ఫోన్‌లో టైప్ చేయడం కంటే పెన్సిల్‌తో ఒక గీత గీయడం తేలిక.
- ఒక ఫైలు. రక్తపరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు తేదీల వారీగా, కొత్తది పైన ఉండేలా.
- థర్మామీటర్. ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను.
- వారం రోజుల గడులున్న మందుల డబ్బా.
- మీకు ఏడాదికి ఎన్ని సెలవులున్నాయి, ఇప్పటికి ఎన్ని వాడారు అనే లెక్క. చాలామందికి ఇది నోటికి రాదు. ఆఫీసులో అడిగి రాసుకోండి.
- పని చేసే చోట ఒక్క మనిషి. స్నేహితురాలే కానక్కర్లేదు, మీ గురించి నోరు జారని మనిషైతే చాలు.

1. జబ్బు పేరు కాగితం మీదకి తెచ్చుకోండి

మన దగ్గర కీలు నొప్పి పుడితే చాలు "వాతం" అనేస్తారు. ఆ మాట ఆఫీసులో పనికిరాదు, ఈఎస్ఐలో (జీతంలోంచి చందా కట్ అయ్యే ఉద్యోగుల బీమా) పనికిరాదు, ఇన్సూరెన్స్‌లోనూ పనికిరాదు. రుమటాలజిస్ట్ (ఈ జబ్బుల స్పెషలిస్టు) చూసి, జబ్బు పేరు స్పష్టంగా రాసిన చీటీ ఉండాలి.

మన మూడు జిల్లాల్లో ఈ స్పెషలిస్టులు తక్కువే. ముందు కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోనో కడప రిమ్స్‌లోనో జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకుని రెఫర్ చేయించుకోండి. కర్నూలువాళ్లకు హైదరాబాద్ నిమ్స్, అనంతపురంవాళ్లకు బెంగళూరు, కడపవాళ్లకు వేలూరు సీఎంసీ వీలుగా ఉంటాయి. వేలూరుకు రైల్లో వెళ్తే కాట్పాడిలో దిగాలి. పెద్ద ఊరికి వెళ్లేది జబ్బు తేల్చుకోవడానికి, మందు కుదుర్చుకోవడానికి. ప్రతి నెలా పోనక్కర్లేదు. నెలవారీ రక్తపరీక్షలు మీ ఊళ్లో చేయించి, రిపోర్టు పంపి ఫోన్లో మాట్లాడే ఏర్పాటు ఉందా అని మొదటిసారి వెళ్లినప్పుడే డాక్టర్‌ను అడగండి. దీనివల్ల మిగిలే సెలవులు తక్కువేం కాదు.

ఇక్కడ చేసే తప్పులు: రక్తపరీక్షలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చిందని అదే కీళ్లవాతమని తేల్చేసుకోవడం ఒకటి. ఏఎన్ఏ అనే ఇంకో రక్తపరీక్ష పాజిటివ్ అనగానే లూపస్ అనుకుని నిద్ర మానుకోవడం రెండోది. ఈ రెండూ ఏ జబ్బూ లేనివాళ్లలోనూ పాజిటివ్ రావచ్చు. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి ఉండే కీళ్ల నొప్పి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. 2006 ప్రాంతంలో ఆ జ్వరం పడినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తేల్చాల్సింది డాక్టరే.

2. మూడు వారాలు రాయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

రోజూ ఐదు సంగతులు రాయాలి: ఎన్నింటికి లేచారు, పిడికిలి పూర్తిగా బిగించగలిగింది ఎన్నింటికి, ఏ పని (ఇంటి పనైనా సరే) చేసేటప్పుడు ఇబ్బంది పడ్డారు, నీరసం ఎప్పుడు కమ్మింది, నొప్పి బిళ్లలు ఎన్ని వేసుకున్నారు. నెలసరి తేదీ, నిద్ర పట్టని రాత్రి ఉంటే పక్కన గుర్తు పెట్టుకోండి. అంతకు మించి రాయకండి, ఎక్కువ పెట్టుకుంటే నాలుగో రోజే మానేస్తారు.

కడపలో ఒక ప్రైవేటు స్కూలు టీచర్ పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుందనుకోండి:

సోమవారం: 5:30 లేచా. పిడికిలి 7:15. మొదటి పీరియడ్ బోర్డు మీద రాయలేకపోయా. 11 నుంచి 3 దాకా బాగుంది. 4 తర్వాత నీరసం. బిళ్ల 1.
మంగళవారం: 5:30. పిడికిలి 7:30. రాత్రి నలభై నోట్‌బుక్కులు దిద్దా. బిళ్ల 1.
బుధవారం: 5:30. పిడికిలి 8:40. స్కూటీ బ్రేకు పట్టలేక ఆటోలో వెళ్లా. బిళ్లలు 2.

మూడు రోజులకే కథ కనబడుతోంది కదా. బుధవారం పొద్దున పడిన బాధ బుధవారంది కాదు, మంగళవారం రాత్రి దిద్దిన నోట్‌బుక్కులది. ఆమెకు అడ్డం వచ్చింది స్కూలు మొత్తం కాదు, మొదటి పీరియడ్‌లో బోర్డు పని, ఇంటికి మోసుకొచ్చిన దిద్దుబాటు. రెండే. ఉద్యోగం మానేయాలా అనే పెద్ద ప్రశ్న ఈ రెండు చిన్న ప్రశ్నల దగ్గరికి దిగుతుంది. వీటికి దారి వెతకవచ్చు.

తప్పులు: బాగున్న రోజు రాయకపోవడం. అలా చేస్తే చివరికి మీ పుస్తకం మీకే భయం పుట్టిస్తుంది. "చాలా నొప్పి", "ఘోరం" లాంటి మాటలతో నింపడం ఇంకొకటి. గంటలు, పనుల పేర్లు రాయండి. డాక్టర్‌కైనా మేనేజర్‌కైనా పనికొచ్చేది అవే.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి: మూడు వారాల తర్వాత "నాకు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా బాగుంటుంది, ఫలానా రెండు పనులు నన్ను పడేస్తున్నాయి" అని రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇంకో వారం రాయండి.

3. మందుల వేళను పని వేళకు కుదర్చండి

మోతాదు జోలికి పోకండి, అది డాక్టర్ పని. ఏ రోజు, ఏ పూట అన్నది మాత్రం డాక్టర్‌తో మాట్లాడి మీ పనికి తగ్గట్టు పెట్టుకోవచ్చు.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునే మందు. వేసుకున్న మర్నాడు కొందరికి వికారం, నీరసం ఉంటాయి. అందుకే ఆదివారం సెలవున్నవాళ్లు శనివారం రాత్రి పెట్టుకుంటారు. శుక్రవారం సెలవుండే ఫ్యాక్టరీ అయితే గురువారం రాత్రి. జాగ్రత్త: పొరపాటున దీన్ని రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పాత చీటీ చూసి మందుల షాపువాళ్లు "రోజూ ఒకటి" అని కవరు మీద రాసినా నమ్మకండి. స్ట్రిప్ మీద వారం పేరు స్కెచ్ పెన్‌తో రాసి పెట్టండి. మాత్రలు ఇంట్లో వేరేవాళ్లు అందిస్తుంటే వాళ్లకూ చెప్పండి. దానితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను "ఏదో విటమిన్‌లే" అని మానేయకండి. వికారం తగ్గేది దానివల్లే.

ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే పొద్దున టిఫిన్ తిన్నాక. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు, మర్నాడు పని చెడుతుంది. వారాల తరబడి వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఊరెళ్తూ ఈ మాత్ర మర్చిపోవడం చిన్న సంగతేం కాదు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ నాలుగు రోజులకు సరిపడా ఉంచుకోండి.

థైరాయిడ్ మాత్ర పరగడుపున. కాఫీకీ దానికీ కనీసం అరగంట, గంటైతే మరీ మంచిది. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. స్కూలు బస్సు అందుకోవాలని అన్నీ ఒక్క గుక్కలో మింగేస్తే థైరాయిడ్ మాత్ర వేసుకున్నా ఒంటికి పట్టదు. డోసు పెంచుతూ పోతారు, నీరసం మాత్రం తగ్గదు.

రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్లు నెల ముందే డాక్టర్‌ను కలిసి వేళలు మార్పించుకోండి. పొద్దుటి మాత్రల్ని సహరీకి, మిగతావాటిని ఇఫ్తార్ తర్వాతకు సర్దడం చాలామందికి కుదురుతుంది. అందరికీ కుదరదు కాబట్టి సొంతంగా మార్చుకోకండి.

పిల్లల కోసం అనుకుంటున్నవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చదవండి. ఈ జబ్బులకు ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్, మైకోఫెనోలేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. గర్భం అనుకోవడానికి ఎంతో ముందే వీటిని మార్పించుకోవాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫసలజైన్ లాంటివి గర్భంలోనూ కొనసాగించవచ్చు. జబ్బు ఆరు నెలలైనా నెమ్మదించాక గర్భం దాల్చడం తల్లికీ బిడ్డకీ మంచిది. నెల తప్పాక భయపడి అన్ని మందులూ ఆపేయడం ఇంకో ప్రమాదం, ముఖ్యంగా లూపస్‌లో. ముందు ఫోన్ చేయండి.

నొప్పి బిళ్లల గురించి ఒక మాట. డైక్లోఫెనాక్ లాంటివి నొప్పిని కప్పెడతాయి, జబ్బును ఆపవు. రోజూ షాపులో కొని మింగుతుంటే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి. "మూడు రోజుల్లో నడిపిస్తాం" అని అమ్మే పేరు లేని పొడులూ బిళ్లలూ ఉంటాయి చూశారా, వాటిలో స్టెరాయిడ్ కలిపినవి దొరికిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అంత చురుగ్గా పని చేస్తోందంటేనే అనుమానించాలి. ఖర్చే సమస్య అయితే ఆ దారి వద్దు, జన్ ఔషధి షాపులో మీ చీటీ చూపించి అడగండి.

4. పనిని విడగొట్టి, నొప్పించే ముక్కను మార్చండి

రెండో మెట్టులో తేలిన రెండు మూడు పనులు తీసుకోండి. ఒక్కోదానికి మూడే ప్రశ్నలు: వేళ మార్చవచ్చా? పద్ధతి మార్చవచ్చా? ఇంకొకరితో మార్చుకోవచ్చా?

టీచరైతే మొదటి పీరియడ్‌లో చదివించడం, బోర్డు పని ఉండే లెక్కల పీరియడ్ పదకొండు తర్వాత. సుద్దముక్కకు హోల్డర్ తొడిగితే వేళ్లు అంతగా బిగించనక్కర్లేదు. దిద్దుబాటు రాత్రి నలభై కాదు, ఖాళీ పీరియడ్‌లో పది. క్లాసు రెండో అంతస్తులో ఉంటే కిందికి అడగండి.

కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు మణికట్టు వంగకుండా కీబోర్డు ఎత్తు సరిచూసుకోండి. ముప్పై నలభై నిమిషాలకు ఒకసారి లేవండి. కదలకుండా కూర్చుంటే కీళ్లు మళ్లీ పట్టేస్తాయి. పని బాగా సాగుతున్నప్పుడు లేవబుద్ధి కాదు, అందుకే ఫోన్‌లో అలారం.

ఇంట్లో కుట్టేవాళ్లకు కత్తెర, హుక్కులు, కాజాలు ఎక్కువ బాధ పెడతాయి, మిషన్ అంత కాదు. కటింగ్ ఒకరోజు, కుట్టు ఒకరోజు పెట్టుకోండి. హుక్కుల పని వీధిలో ఇంకొకరికి డబ్బులిచ్చి అప్పగించండి. బ్లౌజుకు కొంత తగ్గినా నెలకు కుట్టే బ్లౌజులు పెరిగితే లెక్క సరిపోతుంది. పెళ్లిళ్ల సీజన్లో "రేపటికి కావాలి" అనే ఆర్డర్లు రెండింటికి మించి ఒప్పుకోకండి.

లూపస్ ఉన్నవాళ్లకు ఎండే మొదటి శత్రువు. ఎండ తగిలితే చర్మం మీద మచ్చలే కాదు, జబ్బు మొత్తం తిరగబెట్టవచ్చు. కర్నూలు, అనంతపురం ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది. సర్వేలకు, ఇంటింటికీ తిరిగే పనులకు వెళ్లేవాళ్లు పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత పెట్టుకోగలరేమో అడగండి. పొడుగు చేతుల కాటన్ చొక్కా, గొడుగు, ఎస్‌పీఎఫ్ 30 కంటే తక్కువ కాని సన్‌స్క్రీన్, అదీ రెండు గంటలకోసారి. బస్సులో కిటికీ పక్కన ఎండ పడే వైపు కూర్చోకండి, అద్దం మూసి ఉన్నా కొంత లోపలికి వస్తుంది. ఆఫీసులో సీటు కూడా అలాగే చూసుకోండి.

5. చెప్పండి, కానీ అడగాల్సింది ముందే తేల్చుకుని చెప్పండి

"ఆఫీసులో చెప్పాలా, దాచాలా?" అని అడుగుతారు. నా అభిప్రాయం: జబ్బు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, కావాల్సిన మార్పు గురించి ఎంత స్పష్టంగా చెబితే అంత మంచిది. మన మేనేజర్లకు, హెడ్మాస్టర్లకు ఆటో ఇమ్యూన్ అంటే అర్థం కాదు. అంటుకుంటుందేమో అని అడిగినవాళ్లూ ఉన్నారు. అంటుకోదు, ఆ ఒక్క మాట మాత్రం మీరే ముందు చెప్పేయండి. "నాకు మొదటి పీరియడ్ బోర్డు పని లేకుండా చూడండి" అంటే మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది.

ఎప్పుడు చెప్పాలి? బాగున్న రోజున. కన్నీళ్లు ఆగని రోజు అడిగితే జాలి దొరుకుతుంది, టైంటేబుల్ మారదు. జాలి వారం రోజులుంటుంది, అంతే.

మాట ఇలా నడిపించవచ్చు:

"సార్, ఐదు నిమిషాలు మాట్లాడాలి."
"చెప్పమ్మా."
"నాకు కీళ్లవాతం ఉంది సార్, మందులు వాడుతున్నా. అంటుకునేది కాదు. పొద్దున మొదటి పీరియడ్ అయ్యేదాకా చేతులు పట్టేసి ఉంటాయి, తర్వాత మామూలే. నాకు మొదటి పీరియడ్ లెక్కలు బదులు లైబ్రరీ పీరియడ్ ఇస్తే ఒక్క రోజు కూడా క్లాసు పోదు. తెలుగు మేడం మార్చుకోవడానికి ఒప్పుకున్నారు."
"మరి అందరూ ఇట్లే అడిగితే నేనేం చేయాలమ్మా?"
"నిజమే సార్. మూడు నెలలు చూద్దాం. కుదరకపోతే మళ్లీ పాతదే పెట్టండి. డాక్టర్ లెటర్ కూడా తెచ్చా."

ఇందులో ఏముందో చూడండి. ఒక్కటే కోరిక. దానివల్ల స్కూలుకు నష్టం లేదని లెక్క. మార్చుకునే మనిషిని ముందే ఒప్పించడం. గడువు. చేతిలో కాగితం. ఈ ఐదూ ఉంటే కాదనడం కష్టం.

డాక్టర్ లెటర్‌లో "తేలిక పని ఇవ్వగలరు" అని రాయించుకోవద్దు. తేలిక పని అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, చివరికి మిమ్మల్ని పక్కన కూర్చోబెడతారు, ప్రమోషన్ లిస్టులో కూడా పక్కకే. "గంటకు మించి నిలబడే పని, ఐదు కిలోలకు మించి ఎత్తే పని, నేరుగా ఎండలో చేసే పని వద్దు" అన్నట్టు మీకు వర్తించేవి విడివిడిగా రాయమని అడగండి.

మాట్లాడిన సాయంత్రమే రెండు లైన్ల మెయిలో, వాట్సాప్ మెసేజో పెట్టండి: "ఈరోజు మాట్లాడినట్టు సోమవారం నుంచి మొదటి పీరియడ్ మార్పుకు ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు." మేనేజర్ మారిపోయినా ఆ మెసేజ్ ఉంటుంది.

చెప్పకుండా ఉండటమూ ఒక దారే. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు, మనుషుల్ని ఇట్టే తీసేసే చిన్న సంస్థల్లో చేసేవాళ్లు మొదట నాలుగో మెట్టులోని మార్పులు సొంతంగా ఎన్ని చేసుకోగలరో చూసుకోండి. ఇంటర్వ్యూలో మీ అంతట మీరు జబ్బు గురించి చెప్పనక్కర్లేదు. కానీ మెడికల్ ఫారంలో, ఇన్సూరెన్స్ ఫారంలో నేరుగా అడిగితే అబద్ధం రాయకండి. తర్వాత క్లెయిమ్ కొట్టేయడానికి అదే సాకు అవుతుంది.

6. సెలవులు, కార్డులు, కాగితాలు

ప్రభుత్వ ఉద్యోగులకు క్యాజువల్ లీవ్ కాకుండా సగం జీతం సెలవు ఏడాదికి 20 రోజులు జమవుతుంది. మెడికల్ సర్టిఫికెట్ మీద రెండు సగం జీతం రోజుల్ని ఒక పూర్తి జీతం రోజుగా మార్చుకునే వీలుంది, దాన్నే కమ్యూటెడ్ లీవ్ అంటారు. మీ ఖాతాలో ఎన్ని ఉన్నాయో సర్వీస్ రిజిస్టర్ చూసుకోండి. తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మర్చిపోతే జీతం ఆగుతుంది.

జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే, మీ పే స్లిప్ ఒకసారి చూసుకోండి. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు కట్టి ఉంటే, ఈఎస్ఐ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్‌తో ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. బయట డాక్టర్ చీటీ ఒక్కటే తీసుకుపోతే తిప్పి పంపుతారు, ముందు డిస్పెన్సరీకి వెళ్లండి. దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటి వేరే ఉంది, అందులోవాటికి ఇంకా ఎక్కువ కాలం 80 శాతం ఇస్తారు. మీది అందులో పడుతుందా అని అక్కడే అడగండి.

సొంతంగా ఇన్సూరెన్స్ తీసుకుంటే ముందునుంచే ఉన్న జబ్బుకు గరిష్ఠంగా 36 నెలలు ఆగాల్సి రావచ్చు. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీల్లో చాలావాటికి ఆ నిరీక్షణ ఉండదు. ఉద్యోగం వదలకూడదనడానికి ఇదీ ఒక కారణమే. ఎన్టీఆర్ వైద్య సేవ, ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల హెల్త్ కార్డు) కార్డులున్నవాళ్లు ఆసుపత్రిలో ఈ కార్డుల పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గర జబ్బు పేరు చెప్పి అడగండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్ (మెదడు, నరాల మీద పడే ఆటో ఇమ్యూన్ జబ్బు) పేరు నేరుగా ఉంది. కీళ్లవాతం పేరు లేదు. కానీ దానివల్ల చేతులు, కాళ్లు వంకర తిరిగి కదలిక తగ్గితే చలన వైకల్యం కింద, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో పరీక్ష చేయించుకోవచ్చు. 40 శాతం, ఆపైన వస్తే రిజర్వేషన్, పెన్షన్ లాంటివాటికి అర్హత. అదే చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి.

7. తిరగబెట్టే రోజుకు ముందే ఒక కాగితం

ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించండి. అందులో డాక్టర్ ఫోన్ నంబరు, మీరు వేసుకునే మందుల పేర్లు, ఆఫీసులో ఫోన్ చేయాల్సిన మనిషి పేరు, పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చేదెవరు అన్నది ఉండాలి. సెలవు మెసేజ్ కూడా ముందే టైప్ చేసి ఫోన్‌లో దాచుకోండి.

ఏది "సెలవు పెట్టి పడుకునే రోజు", ఏది "ఆసుపత్రికి పరిగెత్తే రోజు" అన్నది కలిపేసుకోకండి. ఇవి కనిపిస్తే ఆసుపత్రే:

- రక్షణ శక్తిని తగ్గించే మందుల మీద ఉండగా 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం. థర్మామీటర్ అందుకే. డోలో వేసుకుని డ్యూటీకి వెళ్లే జ్వరం కాదిది.
- ఆయాసం, ఛాతీ నొప్పి, తగ్గని పొడి దగ్గు.
- మొహం, కాళ్లు వాయడం, మూత్రంలో నురగ. లూపస్ కిడ్నీల మీద పడితే ఇలాగే మొదలవుతుంది, నొప్పి ఉండదు.
- ఒక్క కీలు మాత్రమే ఎర్రగా, వేడిగా వాచడం.
- మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు నోరంతా పుండ్లు.
- నల్లటి విరేచనం, ఫిట్స్, చూపు హఠాత్తుగా తగ్గడం.

8. ఇంటి పని కూడా పనే

ఆఫీసులో ఎన్ని మార్పులు తెచ్చుకున్నా, పొద్దున ఐదింటికి లేచి రాగిసంగటి గెలికి, రొట్టెలు కొట్టి, బిందెలు మోసి వెళ్తే ఫలితం ఉండదు. సంగటి గెలకడం మణికట్టుకు ఎంత బరువో మగవాళ్లకు చెబితే అర్థం కాదు. ఒక రోజు తెడ్డు చేతికివ్వండి. రెండో మెట్టులో పుస్తకం రాసేటప్పుడు ఇంటి పనుల్నీ రాయమనడం అందుకే. అత్తగారితో "నాకు చేతకాదు" అనే బదులు పుస్తకం చూపించి "సంగటి ఆయన గెలుకుతాడు, కూర నేను చేస్తా అత్తమ్మా" అని పని పేరు పెట్టి చెప్పండి. "వయసులో ఉన్నదానికి నొప్పులేంది" అనే మాట వస్తుంది. రానివ్వండి, తెడ్డు మాత్రం తిరిగి తీసుకోకండి.

దిగులు ఎక్కువై నిద్ర, ఆకలి పోతే అదీ జబ్బులో భాగమే అయి ఉండవచ్చు. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

మూడు నెలల తర్వాత చూసుకోవాల్సింది

పుస్తకం తీసి మొదటి వారాన్నీ చివరి వారాన్నీ పక్కపక్కన పెట్టండి. పిడికిలి బిగించగలగడం మునుపటికంటే పెందలాడే అవుతోందా? నొప్పి బిళ్లలు తగ్గాయా? పెట్టిన సెలవులు తగ్గాయా? రక్తపరీక్షల్లో ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ దిగాయా?

సెలవులు తగ్గి నొప్పి బిళ్లలు పెరిగితే అది బాగుపడటం కాదు, ఓర్చుకోవడం. నాలుగూ అలాగే ఉంటే మార్చాల్సింది ముందు మందు, ఆ తర్వాతే ఉద్యోగం. పుస్తకంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చాలామంది డాక్టర్ ముందు కూర్చోగానే "పర్లేదు సార్" అనేస్తారు. పుస్తకం అలా అనదు.

మందు మార్చి చూసినా, మార్పులు అడిగి చూసినా కుదరని ఉద్యోగాలు ఉంటాయి. రోజంతా నిలబడే పని, ఎండలోనే చేసే పని, అడిగిన ప్రతిసారీ ఎగతాళి చేసే చోటు. అప్పుడు వదలండి, తప్పులేదు. కానీ వరుస ఇలా పెట్టుకోండి: ముందు జీతం లేని సెలవు అడగండి. అదీ కాదంటే, వేరే పని చూసుకున్నాకే రాజీనామా. వదిలేముందు రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి తీసుకోండి. పీఎఫ్ డబ్బు తీసేయకుండా కొత్త ఖాతాకు మార్చుకోండి. ఈఎస్ఐ ఉన్నవాళ్లు మానేసిన మర్నాడే డిస్పెన్సరీకి పోవడం ఆపకండి, కట్టిన చందాకు తగిన లబ్ధి కాలం ముగిసేదాకా వైద్యం, మందులు అందుతూనే ఉంటాయి. ఆ తేదీ ఎప్పటిదాకా ఉందో మీ బ్రాంచి ఆఫీసులో అడిగి, ఫైల్లో మొదటి పేజీ మీద రాసుకోండి.